గోదావరి రెండు గట్లు: చదువరి ప్రేమించిన పుస్తకాలు

"నీకు ఇష్టమైన పుస్తకం ఏది?" అని అడిగితే విద్యార్థి వెంటనే జవాబు చెబుతాడు. "ఎందుకిష్టం?" అని అడిగితే తడబడతాడు. అభిరుచి మనిషికొక తీరు, దానికి కారణాలు వెతకనక్కర లేదనే విమర్శకులు కూడా ఉన్నారు. ఈ వాదం మనం ఒప్పుకోలేం. ఏ కాలంలో, ఏ జనం, ఏ అవసరం కొద్దీ ఒక పుస్తకాన్ని తమదనుకున్నారో పరిశీలిస్తేనే ఆ ఇష్టానికి అర్థం బోధపడుతుంది. ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దు అటువంటి పరిశీలనకు తగిన చోటు.

1948 దాకా భద్రాచలం దగ్గర గోదావరి రెండు ప్రభుత్వాల మధ్య హద్దు. ఇటు గట్టున బూర్గంపాడు, పాల్వంచ నైజాము ఏలుబడిలో ఉండేవి. అటు గట్టున భద్రాచలం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. భద్రాచలం ప్రాంతం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. నది మీద వంతెన వచ్చింది 1965లో. అంతవరకూ పడవే గతి.

ఈ ప్రాంత ప్రజలు మొట్టమొదట ప్రేమించిన సాహిత్యం కంటితో చదివింది కాదు, చెవితో విన్నది. 17వ శతాబ్దంలో నేలకొండపల్లి వాడైన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారు అయ్యాడు. ఖజానా సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని గోలకొండ కోటలో ఖైదయ్యాడు. ఆయన కీర్తనలు అక్షరం రానివారికి కూడా నోటికి వచ్చు. భక్తి ఒక్కటే దీనికి కారణమనలేం. భక్తి గ్రంథాలు మనకు వేలున్నాయి. చెరసాలలో పడిన మనిషి తన దేవుణ్ణే నిలదీసి లెక్క అడగటం ఈ కీర్తనల్లోని విశేషం. దొర ముందు నోరెత్తలేని రైతు ఆ నిష్ఠూరాన్ని రాముడి మీద పెట్టి పాడుకున్నాడు. దీన్ని తిరుగుబాటు అనటం మన ఉత్సాహమే అవుతుంది. కాని బాధ పైకి చెప్పుకునే హక్కు తనకున్నదన్న ఎరుక అందులో ఉంది.

అచ్చు పుస్తకం ప్రజల్లోకి వచ్చింది గ్రంథాలయోద్యమంతో. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వెలిశాయి. 1925లో తెలంగాణ గ్రంథాలయ మహాసభ మధిరలో జరిగింది. మధిర అప్పట్లో కృష్ణా జిల్లాను ఆనుకుని ఉన్న తాలూకా. బడిలో చదువు ఉర్దూలో, కచేరీలో వ్యవహారం ఉర్దూలో సాగే రోజులవి. సభ జరుపుకోవాలన్నా గస్తీ నిశాన్ 53 ప్రకారం అనుమతి కావాలి. ఆ పరిస్థితిలో తెలుగు పుస్తకం చేతపట్టడమే ఒక ప్రకటన. పుస్తకంలో ఏమున్నదనే ప్రశ్న తరువాతిది. అది తన భాషలో ఉన్నది, అంతే చాలు.

కాని ఉద్యమం అక్కడ ఆగలేదు. వంటవాడుగా, ప్రూఫ్‌రీడరుగా బతికిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. ఆయన నవల 'ప్రజల మనిషి'లో పాఠకుడికి కనిపించింది తన ఊరే: దొర గడీ, వెట్టిచాకిరీ, భూమి పోగొట్టుకున్న రైతు. 1945లో ఖమ్మంలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగేనాటికి భాష కోసం మొదలైన ఉద్యమం భూమి దాకా వచ్చింది. చదువరి కోరే పుస్తకం కూడా దానితోపాటే మారింది. ఖమ్మంలో చదువుకున్న దాశరథి నిజామాబాదు జైలులో ఆళ్వారుస్వామితో పాటు ఖైదీ. 1949లో 'అగ్నిధార' వెలువడింది. దాశరథి తమ్ముడు రంగాచార్య 1969లో 'చిల్లర దేవుళ్లు' రాసినప్పుడు తెలంగాణ పల్లె మాట్లాడే మాటే నవలలోకి వచ్చింది. తాను ఇంట్లో మాట్లాడే మాట అచ్చులో చూసుకున్నవాడికే తెలుస్తుంది, ఆ సంతోషం ఎటువంటిదో.

నది అవతల స్వేచ్ఛ ఉందనుకోవద్దు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైలులో రాసిన 'మాలపల్లి'ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది; 1928లో కొన్ని భాగాలు తొలగించాక అనుమతించింది; 1936లో మళ్ళీ నిషేధించింది. కూలివాడు కథానాయకుడు కావటాన్ని తెల్లదొరా సహించలేదు, నైజామూ సహించలేదు. ప్రజలు ఏ పుస్తకాన్ని ప్రేమిస్తారో ప్రభుత్వాలు విమర్శకుల కంటె ముందే పసికట్టాయి.

ఇంతవరకూ మనకు గర్వకారణమైన చరిత్ర. ఇక మనల్ని మనం అడుగుకోవలసిన ప్రశ్న ఒకటుంది. 1948 తరువాత తెలంగాణ దళాలు గోదావరి అడవుల్లోకి వెళ్ళినప్పుడు అన్నం పెట్టి, దాచి కాపాడినవారు కోయలు. అందుకు వారు ఎంత మూల్యం చెల్లించారో, గూడేలు ఖాళీ చేయించి శిబిరాలలో ఎలా కుక్కారో పుచ్చలపల్లి సుందరయ్య 1972లో వెలువరించిన పోరాట చరిత్రలో ఉంది. ఆ తరువాత వచ్చిన మన కథల్లో, నవలల్లో కోయలు ఎక్కువగా ఆశ్రయమిచ్చినవారుగా, అమాయకులుగా కనిపిస్తారు. పుస్తకం చదివేవారుగా, రాసేవారుగా కనిపించటం అరుదు. దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ 1870లలోనే కోయల గురించి ఇంగ్లీషులో రాశాడు. వారి గురించి రాసిన పుస్తకాలు ఉన్నాయి. వారు తమవనుకునేవి ఎన్ని?

కోయలకు పుస్తకం లేదనటం కూడా పొరపాటే. వారికి పడిగె ఉంది. గుడ్డ మీద బొమ్మలుగా ఉన్న వంశచరిత్రను డోలి కళాకారుడు పాడి వినిపిస్తాడు. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్య ఈ చరిత్రలు కోయలోనూ, తెలుగులోనూ పాడేవాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన చనిపోయాడు. బిరుదు వచ్చింది సరే. ఆయన నోట ఉన్నదంతా కోయపిల్లల చేతికి పుస్తకంగా వచ్చిందా?

నైజాము బడిలో తెలుగు పిల్లవాడు పడిన ఇబ్బంది మనకు బాగా తెలుసు. ఆ అన్యాయాన్ని ఎదిరించి గ్రంథాలయాలు కట్టుకున్నాం. ఈనాడు గూడెంలో కోయ మాట్లాడే పిల్ల తెలుగు వాచకం ముందు కూర్చుని అదే ఇబ్బంది పడుతున్నది. ఇక్కడ పరాయి భాష మనదే. అడవి అంచు బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులు తలచుకుంటే ఈ పని ఎంతో కొంత సాగుతుంది: పెద్దలు చెప్పే కథలను వారి మాటల్లోనే తెలుగు లిపిలో రాసుకోవటం, పిల్లల చేత చదివించటం, తప్పులుంటే గూడెం వారి చేతనే దిద్దించటం. ఇదేమీ ఉపకారం కాదు. ఒకనాడు ఆ అడవిలో తిన్న అన్నానికి బాకీ.

కోయపిల్లను "నీకు ఇష్టమైన పుస్తకం ఏది?" అని మనం అడగబోయే ముందు, ఎంచుకోవటానికి ఆమెకు తన భాషలో నాలుగు పుస్తకాలైనా ఉండాలి.