జెస్విట్ల దగ్గర హైడెగర్: రెండు వారాల వెనుక ఆధారాలు

తత్వవేత్త మార్టిన్ హైడెగర్ 1909 సెప్టెంబరు 30న ఆస్ట్రియాలోని ఫెల్డ్‌కిర్ష్ పక్కన ఉన్న టిసిస్‌లో క్యాథలిక్ సన్యాస సభ అయిన జెస్విట్ల నోవిషియేట్‌లో (కొత్తగా చేరేవారి శిక్షణాలయంలో) చేరాడు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండి నాలుగు రోజులే. అక్టోబరు 13కల్లా బయటికి వచ్చేశాడు. తర్వాతి కాలంలో క్యాథలిక్ వ్యవస్థకు దూరమయ్యాడు కాబట్టి, ఆ తెగదెంపులు ఇక్కడే మొదలయ్యాయని అనుకోవడం తేలిక. ఆ ఊహను తేదీలతో సరిచూడాలి.

చేరడంలో వింతేమీ లేదు. తండ్రి మెస్‌కిర్ష్‌లోని సెయింట్ మార్టిన్ చర్చి బాగోగులు చూసే ఉద్యోగి. కొడుకు చదువు చర్చి వర్గాల ఆర్థిక సాయంతో సాగింది. అతడు క్యాథలిక్ మతగురువు కావాలన్నదే ఇంటివాళ్ల ఆశ. ఆస్ట్రియా దాకా వెళ్లడానికీ కారణముంది: 1872 నాటి చట్టం జర్మన్ సామ్రాజ్యంలో జెస్విట్ సభను నిషేధించింది. అది 1917 దాకా రద్దు కాలేదు.

బయటికి రావడానికి గుండె సంబంధమైన ఇబ్బందే కారణమని హ్యూగో ఓట్ రాసిన జీవితచరిత్ర (1988) వంటి రచనలు చెబుతాయి. 86 ఏళ్లు బతికిన మనిషికి గుండెజబ్బేమిటన్న సందేహం సహజం. అయితే 1911లో దైవశాస్త్ర చదువు మానినప్పుడూ, మొదటి ప్రపంచ యుద్ధం తొలి రోజుల్లో సైన్యం పిలిచినప్పుడూ ఇదే ఇబ్బంది అడ్డొచ్చింది. మూడు వేర్వేరు సందర్భాల్లో కనిపించే కారణాన్ని సాకుగా కొట్టిపారేయలేం. అలాగని అదొక్కటే కారణమని కూడా దీనితో రుజువు కాదు.

విశ్వాసం సడలి వెళ్లాడన్న వాదనకు మాత్రం తర్వాతి ఘటనలు ఎదురు నిలుస్తాయి. ఆ శీతాకాలంలోనే ఫ్రైబుర్గ్‌లో మేత్రాసన గురువు కావడానికి దైవశాస్త్ర విద్యార్థిగా చేరాడు. 1910 నుంచి క్యాథలిక్ పత్రికల్లో చర్చి బోధనను సమర్థిస్తూ రాశాడు. తర్వాత తత్వశాస్త్రానికి మారినా, క్యాథలిక్ నిధి నుంచి అందిన ఉపకారవేతనంతోనే పరిశోధన సాగించాడు. 1917లో ఎల్ఫ్రీడె పెట్రితో పెళ్లి జరిపించింది క్యాథలిక్ గురువు ఎంగెల్‌బెర్ట్ క్రెబ్స్. క్యాథలిక్ వ్యవస్థ తనకు అంగీకారం కాదని హైడెగర్ స్పష్టంగా రాసింది 1919 జనవరి 9న, అదే క్రెబ్స్‌కు. ఆ లేఖలో కూడా క్రైస్తవాన్ని పూర్తిగా తోసిపుచ్చలేదు.

1915 నాటి స్వీయ పరిచయంలో, 1963లో రాసిన జ్ఞాపకవ్యాసంలో ఆయన తన ఉన్నత విద్యను ఫ్రైబుర్గ్ దైవశాస్త్రంతోనే మొదలుపెట్టాడు. టిసిస్ ఊసు ఎత్తకపోవడాన్ని సిగ్గుకు గుర్తుగా చూపాలంటే ఇంకా బలమైన ఆధారం కావాలి. రెండేళ్ల శిక్షణలో మొదటి రెండు వారాలు అభ్యర్థిగా పరీక్షించే కాలం మాత్రమే. మాటపట్టు (సన్యాస ప్రతిజ్ఞ) ఇచ్చే దశ ఇంకా చాలా దూరం. విద్యా పరిచయంలో దానికి చోటు దక్కకపోవడం అసాధారణమేమీ కాదు.

అందువల్ల ఈ ఆధారాల మేరకు, జెస్విట్ సభను వీడటం వేరు, క్యాథలిక్ వ్యవస్థను వీడటం వేరు. రెండింటి మధ్య తొమ్మిదేళ్లకు పైగా దూరముంది. తెగదెంపులకు కారణాలను టిసిస్‌లో కన్నా ఆ తొమ్మిదేళ్లలోనే వెతకడం న్యాయం.