అల్ బీరూనీ: మతాల తులనలో న్యాయదృష్టి

మతాలను పోల్చి పరిశీలించడం ముస్లిములకు కొత్త విద్య కాదు. హిజ్రీ ఐదవ, ఆరవ శతాబ్దాలలోనే మన పండితులు దానికి శాస్త్రగౌరవం కల్పించారు. అందులుస్‌కు చెందిన ఇబ్నె హజ్మ్ (మరణం 1064) యూద, క్రైస్తవ గ్రంథాలను శ్రద్ధగా చదివి, వాటిలోని పరస్పర వైరుధ్యాలను ఎత్తిచూపుతూ ఖండన గ్రంథం రచించారు. ఖురాసాన్‌కు చెందిన షహ్రస్తానీ (మరణం 1153) 'అల్ మిలల్ వన్నిహల్' అనే గ్రంథంలో మతాలను, తెగలను, తత్వశాఖలను ఒక క్రమంలో వర్గీకరించారు. ఒకరిది వాదమార్గం, మరొకరిది వర్గీకరణ మార్గం. ఈ రెంటికీ భిన్నమైన మూడవ మార్గం తొక్కినవారు అబూ రైహాన్ ముహమ్మద్ బిన్ అహ్మద్ అల్ బీరూనీ. పరాయి మతాన్ని విమర్శించడానికి ముందు, ఆ మతస్థుడు 'అవును, మా విశ్వాసం ఇదే' అని ఒప్పుకొనే విధంగా దానిని చెప్పగలగాలన్నదే ఆ మార్గం.

అల్ బీరూనీ 973 (హిజ్రీ 362)లో ఖ్వారిజ్మ్ ప్రాంతంలో జన్మించారు. గణితం, ఖగోళం, భూగోళం, వైద్యం మొదలైన అనేక శాస్త్రాలలో ఆరితేరినవారు. 1017లో సుల్తాన్ మహమూద్ గజ్నవీ ఖ్వారిజ్మ్‌ను జయించి అక్కడి పండితులను గజ్నీకి తరలించినప్పుడు, అల్ బీరూనీ కూడా వారితో వెళ్ళవలసి వచ్చింది. ఆ విధంగా ఆయనకు హిందూదేశపు వాయవ్య ప్రాంతంతో పరిచయం కలిగింది. నడివయసు దాటాక సంస్కృతం నేర్చుకున్నారు. సాంఖ్య గ్రంథాన్ని, పతంజలి యోగ గ్రంథాన్ని అరబ్బీలోకి అనువదించారు. ఎనభై అధ్యాయాల 'కితాబుల్ హింద్'ను సుమారు 1030 (హిజ్రీ 421)లో పూర్తిచేశారు. మహమూద్ మరణించినది కూడా ఆ ఏడే. యుద్ధాలు జరుగుతున్న కాలంలో, యుద్ధం చేస్తున్న రాజు నీడలో కూర్చుని, ఓడిపోయిన ప్రజల మతాన్ని న్యాయంగా వివరించడానికి పూనుకున్న గ్రంథమిది. దీని విలువ తెలియాలంటే ఈ సంగతి ముందుగా గుర్తుంచుకోవాలి.

గ్రంథానికి పుట్టుక

ఈ గ్రంథానికి ప్రేరణ హిందూమతం గురించిన చర్చ కాదు, ముస్లిములలోని ఒక వర్గం గురించిన చర్చ. అబూ సహల్ అనే పండితునికి ఒక పుస్తకంలో ముతజిలా వారి సిద్ధాంతం వక్రంగా కనిపించింది. అల్లాహ్ తన స్వరూపం చేతనే సర్వజ్ఞుడని వారంటారు. ఆ పుస్తకకర్త దానిని, అల్లాహ్‌కు జ్ఞానం లేదని వారంటున్నట్లుగా మార్చి చూపాడు. మనలోని ఒక వర్గం మాటనే ఇంతగా వక్రీకరించగలిగితే, పరాయి మతాల గతి ఏమిటన్న ప్రశ్న అప్పుడు వచ్చింది. హిందువుల గురించి అంతవరకు వెలువడిన రచనలు చాలావరకు ఒకరిని చూసి ఒకరు రాసినవే. అబూ సహల్ కోరికపై అల్ బీరూనీ ఈ పనికి పూనుకున్నారు. తనది వాదగ్రంథం కాదనీ, యథార్థ కథనమనీ పీఠికలోనే స్పష్టం చేశారు. సాక్ష్యం తమకే వ్యతిరేకమైనా సత్యం పలకాలన్న ఖుర్ఆన్ ఆదేశాన్ని (అన్నిసా: 135) ఆయన అక్కడే గుర్తుచేశారు. న్యాయసాక్ష్యం కోర్టుకే కాదు, కలానికి కూడా వర్తిస్తుందని దీని భావం.

సమానమైన వాటినే పోల్చాలి

అల్ బీరూనీ పద్ధతిలో మొదటి సూత్రం ఖవాస్, అవామ్ అనే విభజన. అంటే విద్యావంతుల విశ్వాసం వేరు, సామాన్యుల ఆచారం వేరు. హిందువులలోని పండితులు ఆద్యంతాలు లేని ఏకైక దైవాన్ని నమ్ముతారని ఆయన వారి గ్రంథాల ఆధారంగా చూపారు. సామాన్యుల నమ్మకాలలోని అసంగతాలను కూడా దాచలేదు. అయితే అటువంటి అసంగతాలు ఇతర మతాలలోనూ ఉన్నాయని చెబుతూ, ముస్లిములలో అల్లాహ్‌కు మానవ రూపాన్ని ఆపాదించేవారిని, జబరియా వర్గాన్ని కూడా ఉదహరించారు.

విగ్రహారాధన పుట్టుక గురించిన అధ్యాయం మరీ గమనించదగినది. సామాన్యుని మనసు కంటికి కనిపించే దానివైపు మొగ్గుతుందనీ, కేవల భావన కొద్దిమందికే సాధ్యమనీ ఆయన అభిప్రాయం. మహనీయుల జ్ఞాపకార్థం ప్రతిమలు నిలిపారు, తరాలు గడిచాయి, కారణం మరుగునపడింది, ఆచారం మాత్రం మిగిలింది. మన తఫ్సీరు గ్రంథాలలో నూహ్ (అలైహిస్సలామ్) జాతివారి విగ్రహాల గురించి ఇబ్నె అబ్బాస్ (రజియల్లాహు అన్హు) చెప్పినట్లు వచ్చిన వివరణ కూడా ఇటువంటిదే. చదువులేని ముస్లిముకు మక్కా చిత్రపటం చూపినా, అతడు ఆనందంతో దానిని ముద్దాడగలడని అల్ బీరూనీ నిస్సంకోచంగా రాశారు. ఈ బలహీనత ఒక జాతిది కాదు, మనిషిది. తౌహీద్ రక్షణకు నిత్యజాగరూకత ఎందుకు అవసరమో ఈ ఒక్క మాటతో తెలుస్తుంది.

మాట తెచ్చే చిక్కు

అనువాదకులకు ఈ గ్రంథంలో మరొక పాఠం ఉంది. ఒక మతంలో దోషమనిపించే పదం మరొక భాషలో నిర్దోషంగా వాడుకలో ఉండవచ్చునని అల్ బీరూనీ హెచ్చరిస్తారు. అరబ్బీలో 'అల్లాహ్' అనే నామం మరెవరికీ చెల్లదు. 'దేవతలు' అనే మాటను గ్రీకులు మొదలైనవారు మనం మలాయికా అనదగిన వారికి కూడా వాడారు. 'తండ్రి', 'కుమారుడు' అనే పదాలను ఇస్లామ్ దైవవిషయంలో అంగీకరించదు, కాని కొన్ని భాషలలో వాటి అర్థం రక్తసంబంధానికే పరిమితం కాదు. కనుక పదాన్ని చూసి తీర్పు చెప్పరాదు, ఆ పదంతో వారేమి ఉద్దేశిస్తున్నారో తెలుసుకోవాలి. తెలుగులో రాసే మనకు ఈ చిక్కు అనుదినం ఎదురవుతుంది. 'రసూల్'ను 'అవతారం' అంటే అర్థం తలకిందులవుతుంది. 'మలక్'ను 'దేవత' అన్నా అంతే. ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో ఖుర్ఆన్‌ను తెలుగులోకి తెచ్చిన చిలుకూరి నారాయణరావుగారు ముస్లిమేతర పండితులు. తనది కాని ధర్మగ్రంథాన్ని శ్రద్ధతో చదివి తన భాషవారికి అందించడంలో ఆయన శ్రమ అల్ బీరూనీ శ్రమకు ఎదురుదిశ నుంచి వచ్చినట్టిది.

న్యాయదృష్టి అంటే మెతకదనం కాదు

అన్ని మతాలూ ఒక్కటేనని అల్ బీరూనీ ఎక్కడా అనలేదు. హిందూ పండితుల స్వాతిశయాన్ని తీవ్రంగానే విమర్శించారు. వర్ణవ్యవస్థ దగ్గర ఆయన మాట సూటిగా ఉంటుంది. ముస్లిముల దృష్టిలో దైవభక్తి విషయంలో తప్ప మనుషులందరూ సమానులే, రెండు సమాజాల నడుమ పెద్ద అడ్డంకి ఇదేనని ఆయన నిర్ణయం. అయితే ప్రాచీన ఇరాన్‌లోనూ ఇటువంటి తరగతుల విభజన ఉండేదని అదే అధ్యాయంలో చెప్పడం మరువలేదు. అలాగే మహమూద్ దండయాత్రలు హిందువులను చెల్లాచెదురు చేసి వారి మనసులలో ముస్లిములపై ద్వేషం నింపాయని కూడా రాశారు. బౌద్ధం విషయంలో తనకు ఒక్క గ్రంథమూ దొరకలేదనీ, ఒక్క బౌద్ధుడూ తారసపడలేదనీ, పాత రచయిత చెప్పినదే చెబుతున్నాననీ పాఠకునికి తెలియజేశారు.

జర్మన్ పండితుడు ఎడ్వర్డ్ జఖావ్ 1887లో ఈ గ్రంథపు అరబ్బీ మూలాన్ని, 1888లో ఆంగ్లానువాదాన్ని ప్రచురించాక ప్రపంచానికి దీని విలువ తెలిసింది. కాని దీని అవసరం మనకే ఎక్కువ. మన గ్రంథంలోని ఆదర్శాన్ని తెచ్చి ఎదుటివారి వీధిలోని ఆచారం పక్కన నిలబెట్టి గెలిచామనుకోవడం తులన కాదు. ఎదుటివారు మన పట్ల అదే పని చేసినప్పుడు మనకెంత బాధ కలుగుతుందో అందరికీ తెలుసు. గ్రంథాన్ని గ్రంథంతో, పండితుణ్ణి పండితునితో, సామాన్యుణ్ణి సామాన్యునితో పోల్చాలి. పరుల మతాన్ని న్యాయంగా చెబితే స్వంత విశ్వాసం సడలుతుందని భయపడేవారు ఒక్క సంగతి ఆలోచించాలి. పదమూడేళ్ళు ఆ పనిలో గడిపిన అల్ బీరూనీ ముస్లిముగానే కలం పట్టారు, ముస్లిముగానే దించారు. సత్యం తమ పక్షాన ఉన్నదని నమ్మినవారికి అసత్యం సహాయం అవసరం లేదు.