పచ్చని జంటకు నీలి పిల్ల

మనం 'లవ్ బర్డ్స్' అని ముద్దుగా పిలుచుకుంటూ వరండాలో పంజరం వేలాడదీసి పెంచుకునే బుల్లి చిలకలు, నిజానికి లవ్ బర్డ్స్ కానే కావు. ఆ పేరుకు అసలు హక్కుదారులు ఆఫ్రికా పిట్టలు. మన ఇళ్ళలో కిచకిచలాడేవి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బడ్జరిగార్లు. బడ్జీలంటే నోరు తిరుగుతుంది కనుక అలాగే అందాం. ఈ బడ్జీల రంగుల చరిత్ర చదువుతూంటే నాకు పిట్టలకంటే మన కాపురాలే ఎక్కువగా గుర్తుకొచ్చాయి. ఎందుకో చెబుతాను.

ఆస్ట్రేలియా మైదానాల్లో గుంపులుగా ఎగిరే అడవి బడ్జీలది ఆకుపచ్చ ఒళ్ళు, పసుపు మొహం, వీపు మీద నల్లచారలు. 1840లో జాన్ గౌల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వాటిని ప్రాణాలతో ఇంగ్లండుకు తీసుకెళ్ళాడు. యూరప్‌లో దొరలూ దొరసానులూ పోటీలుపడి పెంచారు. పంజరాల్లో తరాలు గడిచేసరికి 1870ల ప్రాంతంలో పసుపురంగు పిల్లలు, ఆ తర్వాత బెల్జియంలో నీలిరంగు పిల్లలు కనబడ్డాయి. 1910లో లండన్ ప్రదర్శనలో నీలి బడ్జీలను చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. 1920లలో జపాన్‌లోనైతే వీటికోసం డబ్బున్నవాళ్ళు ఎగబడ్డారు.

చిక్కల్లా ఇక్కడే వచ్చింది. బోలెడు డబ్బు పోసి కొన్న నీలిపిట్టను పచ్చపిట్టతో జత కలిపితే పిల్లలన్నీ పచ్చవే! డబ్బు నీళ్ళపాలయిందని ఏడుస్తూండగానే, ఆ పచ్చపిల్లలు పెరిగి పిల్లల్ని కంటే వాటిలోంచి మళ్ళీ నీలం తొంగిచూసేది.

ఈ ముడి విప్పిన వాళ్ళలో ముఖ్యుడు జర్మనీలోని బ్రెమెన్ ఊరి బడిపంతులు హాన్స్ డంకర్. క్రెమర్ అనే సంపన్నుడి పక్షిశాలల్లో 1920లలో జతలు కట్టి, పిల్లల్ని లెక్కబెట్టి చూశాడు. బఠాణీ మొక్కల మీద మెండెల్ 1866లో ప్రకటించిన లెక్కే పిట్టలకూ సరిపోయింది.

వంటింటి భాషలో చెప్పుకుందాం. బడ్జీ ఈకలో నీలం అద్దకం లేదు. ఆకాశంలాగే వెలుతురు చెదరడం వల్ల నీలంగా కనిపిస్తుంది. దానిమీద పసుపు చేరితే ఆకుపచ్చ. ఆ పసుపు తయారుచేసే ఆజ్ఞ రాసిన చీటీలు ప్రతి పిల్లకూ రెండు వస్తాయి, అమ్మనుంచి ఒకటి, నాన్ననుంచి ఒకటి. ఒక్క మంచి చీటీ ఉన్నా చాలు, పిల్ల పచ్చగా ఉంటుంది. రెండూ చెడితేనే నీలం. ఆ చెడిన చోటు ఏ జన్యువులో ఉందో కూడా 2017లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు పట్టుకున్నారు.

అందుకని ఒక మంచి చీటీ, ఒక చెడ్డ చీటీ ఉన్న పచ్చని జంటకు సగటున నాలుగు పిల్లల్లో ఒకటి నీలంగా పుడుతుంది. ప్రతిసారీ లెక్కగా ఒకటే అని కాదు సుమండీ! ఒకసారి రెండు రావచ్చు, మరోసారి అసలు రాకపోవచ్చు.

మా వీధిలో ఒకావిడ ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. తల్లీ పచ్చ, తండ్రీ పచ్చ, అయిదు పిల్లల్లో ఒకటి నీలం. చూడవచ్చిన పెద్దావిడ నవ్వుతూనే అంది: "ఆడపిట్ట ఎక్కడ తిరిగొచ్చిందోనమ్మా!" అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గడియవేసిన పంజరంలోంచి ఎక్కడికి తిరిగొస్తుంది పాపం? నీలిపిల్ల పుట్టాలంటే తండ్రి చీటీ కూడా చెడినదే అయివుండాలి. ఆయన ఒంటిమీద పచ్చదనం ఉంది కనుక ఆయన్నెవరూ అడగరు!

ఇంకో ముచ్చట. లుటినో అనే ఎర్రకళ్ళ పసుపురంగు బడ్జీలున్నాయి. లుటినో తండ్రికి మామూలు పచ్చని తల్లిని జతచేస్తే కూతుళ్ళందరూ లుటినోలే, కొడుకులందరూ పచ్చవాళ్ళే. ఆ రంగు చీటీ ఆడా మగా తేల్చే క్రోమోజోము మీద ఉండటమే కారణం. పిట్టల్లో పుట్టేది ఆడో మగో తేల్చేది తల్లి. మనుషుల్లో తేల్చేది తండ్రి. అయినా వరసగా ఆడపిల్లలు పుడితే మాటలు పడేది ఎవరో మీకు నేను చెప్పాలా?

రంగుల లెక్క తెలిసినంత మాత్రాన మనసు విశాలమవుతుందనీ లేదు. ఆ డంకర్ పంతులే తర్వాత నాజీల జాతిశుద్ధి వాదాన్ని సమర్థించాడు. ఏ రంగు ఎలా వస్తుందో పిట్టలు ఆయనకు నేర్పాయి గాని, ఏ రంగు గొప్పదో అవి ఎక్కడా చెప్పలేదు. మనుషుల ఛాయకైతే ఒక చీటీల జత కాదు, ఎన్నో జన్యువులు కలిసి పనిచేస్తాయి. తెల్లని దంపతులకు చామనఛాయ పాప పుట్టిందంటే, ఏ తాతదో నాయనమ్మదో దాగిన చీటీ వెలుగు చూసిందన్నమాట. అందులో తల్లి నేరం ఏముంది?

గూట్లో నీలిపిల్ల నోరు తెరిస్తే పచ్చని తల్లి తక్కినవాటితోపాటే దానికీ మేత పెడుతుంది. రంగు చూసి ఆరాలు తీసేది పంజరం బయట నిలబడ్డ మనమే.