బడి పిల్లల రాష్ట్రాల జత: కణేకల్‌కు పంజాబ్ దగ్గరా, బళ్లారి దగ్గరా?

ఒక రాష్ట్రం బడి పిల్లలు ఇంకో రాష్ట్రం భాష, పాటలు, వంటలు తెలుసుకోవాలన్నది ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’ పథకం ఉద్దేశం. 2015 అక్టోబర్ 31న, సర్దార్ పటేల్ జయంతి నాడు ప్రధాని మోదీ దీన్ని ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్ జత, తెలంగాణకు హర్యానా, కర్ణాటకకు ఉత్తరాఖండ్. జత రాష్ట్రం భాషలో 100 వాక్యాలు నేర్పాలని బడులకు సూచన.

ఈ లెక్కన కణేకల్ పిల్లలు నేర్వాల్సింది పంజాబీ. పక్కనున్న బళ్లారి కన్నడ కాదు! 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఈ ఊరున్న రాయదుర్గం తాలూకా బళ్లారి జిల్లాలోదే. తెలుగు, ఉర్దూ, కన్నడ మూడూ ఇక్కడి బజార్లో వినబడతాయి.

ప్రైమరీ పిల్లల్ని పంజాబ్ దాకా తీసుకెళ్లడం ఏ సర్కారీ బడికీ అయ్యే పని కాదు. ఉత్తరాలైతే అవుతాయి. ఫ్రాన్స్‌లో సెలెస్టిన్ ఫ్రెనే అనే పంతులు 1926లో అదే చేశారు. దక్షిణాన బార్-సుర్-లూ ఊరి పిల్లల రాతలను బడిలోనే అచ్చువేయించి, ఎక్కడో బ్రిటనీలోని ట్రెగున్ బడికి పంపేవారు. అక్కడివి ఇక్కడికొచ్చేవి. మన పోస్టు కార్డు 50 పైసలే. బళ్లారి బడికి కార్డు రాయడానికి పథకమే అక్కర్లేదు. హెచ్చెల్సీ నీళ్లు బళ్లారి పొలాల మీదుగానే కణేకల్‌కొస్తాయి, మొదటి ఉత్తరంలో ఆ సంగతే రాయొచ్చు.