సైకాలజీ రికార్డు, 30 మార్కులు

కోనసీమలో, గోదావరి పాయలైన వసిష్ఠ, వైనతేయల నడుమనున్న రాజోలు దీవిలో, మలికిపురం వంటి ఊళ్లనుంచి బడిపంతులు వృత్తికి వెళ్లదలచిన పట్టభద్రులకు ఒకప్పుడు రాజమండ్రే దిక్కు. అక్కడ 1894లో ఏర్పడిన ప్రభుత్వ ట్రెయినింగ్ కళాశాలలాంటి చోట్లనే, పిల్లవాడు ఎలా నేర్చుకుంటాడో, ఎందుకు మరచిపోతాడో విచారించే విద్యా మనోవిజ్ఞానం ఈ ప్రాంతపు విద్యావంతులకు పరిచయమైంది. అది ప్రత్యేక పట్టంగా కాక ఉపాధ్యాయ శిక్షణలో ఒక పాఠ్యాంశంగా వచ్చింది కనుక, ఆ శాస్త్రం చదివినవారికి ఏ నైపుణ్యం అబ్బింది, చివరకు ఏ ఫలితం దక్కింది అన్న ప్రశ్నకు జవాబు శిక్షణ కళాశాలల చరిత్రలోనే వెతకాలి.

మద్రాసు ప్రెసిడెన్సీలో ఆనాటి పట్టం ఎల్.టి., అంటే బోధనకు అనుమతినిచ్చే యోగ్యతాపత్రం. 1910లో ఆ శిక్షణకై సైదాపేట కళాశాలలో చేరిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు మనస్తత్వశాస్త్రంలో ఉన్న పట్టును గుర్తించిన ఆచార్యుడు, ఆయనకు ఆ తరగతుల హాజరు మినహాయించి, తోటివారికి ఆయనచేతనే ఉపన్యాసాలిప్పించాడు. అవే 1912లో పుస్తకంగా వెలువడ్డాయి. ఆ తర్వాత కొద్దికాలం రాజమండ్రి ఆర్ట్స్ కళాశాలలోనూ పనిచేసిన ఆ తత్త్వవేత్త తొలినాటి రచన, పంతులు కాబోయేవారికి చెప్పిన పాఠం కావడం గమనార్హం.

ఎల్.టి. పోయి బి.ఎడ్. వచ్చాక సిద్ధాంతంతో పాటు ప్రయోగానికీ చోటు దొరికింది. అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించే ప్రయోగం అందులో పేరుమోసినది: జంట గీతల నక్షత్రాన్ని నేరుగా చూడనివ్వకుండా అడ్డుపెట్టి, ఎదుటి అద్దంలోని ప్రతిబింబం ఆధారంగా ఆ గీతల మధ్య పెన్సిలు నడపమంటారు, మొదట చేయి అటూ ఇటూ పోయి గీతలు దాటినా, ప్రయత్నాలు పెరిగేకొద్దీ తప్పులూ పట్టే కాలమూ తగ్గుతాయి, ఒక చేతికి వచ్చిన నేర్పు కొంతమేర రెండో చేతికీ సంక్రమిస్తుంది. దీనినే అభ్యసన బదలాయింపు అంటారు. దీనికి తోడు వ్యక్తి అధ్యయనం, అంటే ఒకే పిల్లవాణ్ని ఇంటా బడిలోనా గమనించి అతని వెనుకబాటుకు కారణం నిర్ధారించే పని, ఈ ప్రయోగాలు రాసుకునే సైకాలజీ రికార్డుకెక్కేది. సీనియర్ల రికార్డు చూసి దించేసినవారు కొల్లలుగా ఉన్నారన్నది వేరే మాట. నిజంగా చేసినవారికి మాత్రం ఎదుటి పిల్లవాణ్ని చూసే చూపు అలవడింది, కానీ ఆ చూపును కొలిచే పరీక్ష అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలతో పునర్బలనం (మెచ్చుకోలు వంటి ఫలితం చేత ఒక ప్రవర్తన బలపడడం), వైయక్తిక భేదాలు వంటి మాటలు శిక్షణార్థుల నోళ్లలో నానాయి. విద్యాహక్కు చట్టం నేపథ్యంలో 2010లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్)ను తప్పనిసరి చేయగా, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఆ పరీక్ష మొదలై, ఇదే శాస్త్రం శిశువికాసం, బోధనశాస్త్రం పేరిట 150లో 30 మార్కుల బిట్లుగా మారింది. టెట్ మార్కులకు డీఎస్సీ నియామకాల్లో వెయిటేజీ ఇవ్వడంతో పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, కోహ్లర్ చింపాంజీ కోచింగ్ కేంద్రాల బిట్‌బ్యాంకుల్లో స్థిరపడ్డాయి. ఉద్యోగఫలితం రీత్యా ఇది లాభమే, నైపుణ్యం రీత్యా అంతగా కాదు.

దీనికి విరుగుడుగా అన్నట్టు 2015-16 నుంచి బి.ఎడ్. రెండేళ్లదై, అందులో 20 వారాలు బడికి కేటాయించారు. 2006లో నెలకొన్న ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయ పరిధిలోని కోనసీమ శిక్షణార్థులకూ ఈ మార్పు వర్తించింది. అయితే ప్రాథమిక తరగతుల పిల్లలకు చెప్పే నైపుణ్యం బి.ఎడ్.లో రాదని, అందుచేత ఆ పట్టం ప్రాథమిక ఉపాధ్యాయ కొలువుకు అర్హత కాదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తేల్చడంతో, సెకండరీ గ్రేడ్ టీచరు పోస్టుపై ఆశపెట్టుకున్న బి.ఎడ్. పట్టభద్రులకు ఆ దారి మూసుకుపోయింది. 2025 సెప్టెంబరు 1నాటి మరో తీర్పు, పదవీ విరమణకు ఐదేళ్లకు మించి గడువున్న ఉపాధ్యాయులు రెండేళ్లలో టెట్ గట్టెక్కాలని చెప్పింది; దానితో, సైకాలజీ రికార్డు రాసి కొలువులో చేరి దశాబ్దాలు గడిచినవారికి సైతం ఆ 30 మార్కుల బిట్లు చదవడం తప్పనిసరైంది.