జడ్జిలకూ ఎన్నికలే.. గీత మారితే కోర్టే మారుతుంది! లూసియానా సుప్రీంకోర్టు డీలిమిటేషన్ కథేంటి?

డీలిమిటేషన్ అనగానే మనకు గుర్తొచ్చేవి ఎంపీ, ఎమ్మెల్యే సీట్లే. మన దగ్గర హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జిల్ని కొలీజియం సిఫారసు చేస్తే రాష్ట్రపతి నియమిస్తారు. ఓటర్లకు సంబంధం ఉండదు. కానీ అమెరికాలోని లూసియానాలో లెక్క వేరు. అక్కడ రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జిల్ని జనమే ఓటేసి గెలిపిస్తారు. అందుకోసం రాష్ట్రాన్ని జిల్లాలుగా విడగొడతారు. ఆ గీత ఎక్కడ గీయాలన్న దానిపైనే దశాబ్దాల పాటు పోరాటం నడిచింది.

ఎలా ఎన్నుకుంటారు?

అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ సొంత అత్యున్నత కోర్టు ఉంటుంది. లూసియానా కోర్టులో 7 సీట్లు. ఇప్పుడు జిల్లాకు ఒకరు చొప్పున 7 జిల్లాల నుంచి గెలుస్తారు. పదవీకాలం 10 ఏళ్లు. సరిహద్దులు గీసేది రాష్ట్ర చట్టసభ. అంటే జడ్జి సీటు మ్యాప్ కూడా రాజకీయ నాయకుల చేతుల్లోనే ఉంటుంది.

పాత మ్యాప్‌తో వచ్చిన చిక్కేంటి?

గతంలో జిల్లాలు 6 మాత్రమే. ఐదు జిల్లాలకు ఒక్కో సీటు, ఫస్ట్ డిస్ట్రిక్ట్‌కు మాత్రం రెండు. న్యూ ఓర్లీన్స్ నగరమున్న ఓర్లీన్స్ పారిష్‌తో పాటు మరో మూడు పారిష్‌లు ఇందులో ఉండేవి. పారిష్ అంటే మన జిల్లా లాంటిదే.

అసలు మతలబు ఇక్కడే. ఫస్ట్ డిస్ట్రిక్ట్ ఓటర్లలో దాదాపు సగం మంది ఓర్లీన్స్ వాళ్లే. వాళ్లలో సగానికి పైగా నల్లజాతీయులు. మిగతా మూడు పారిష్‌లలో మాత్రం నాలుగింట మూడొంతులకు పైగా తెల్లజాతి ఓటర్లు. నాలుగూ కలిపి లెక్కేస్తే తెల్లజాతి వారిదే మెజారిటీ. ఓర్లీన్స్‌ను విడిగా ఒక జిల్లా చేస్తే గెలిచే అవకాశమున్న నల్లజాతి అభ్యర్థి, ఈ కలయికలో ఓడిపోవాల్సిందే.

కోర్టులో ఏం జరిగింది?

ఈ మ్యాప్ నల్లజాతి ఓటు బలాన్ని పలుచన చేస్తోందంటూ 1986లో కేసు పడింది. ఓటు హక్కుల చట్టానికి 1982లో చేసిన సవరణలో 'ప్రతినిధులు' అనే మాట ఉంది. జడ్జిలు ఎవరికీ ప్రతినిధులు కారు కాబట్టి ఆ నిబంధన వర్తించదని వాదన వచ్చింది. కేసు అమెరికా సుప్రీంకోర్టుకు చేరింది. 'చిసోమ్ వర్సెస్ రోమర్' పేరుతో 1991లో 6-3 తేడాతో తీర్పొచ్చింది. జనం ఓటేసి ఎన్నుకుంటే జడ్జిల ఎన్నికకూ ఆ చట్టం వర్తిస్తుందని కోర్టు తేల్చేసింది.

1992లో రాజీ కుదిరింది. న్యూ ఓర్లీన్స్ ఓటర్ల కోసం తాత్కాలికంగా అదనపు సీటు ఇచ్చారు. ఆ సీటు నుంచి గెలిచిన రెవియస్ ఓర్టిక్, ఆ కోర్టుకు ఎన్నికైన తొలి నల్లజాతి జస్టిస్ అయ్యారు. ఆయన తర్వాత 1994లో బెర్నెట్ జాన్సన్ వచ్చారు. 1997లో చట్టసభ కొత్తగా 7 జిల్లాల మ్యాప్‌ను ఆమోదించింది.

చీఫ్ జస్టిస్ కుర్చీకీ ఎసరు!

ఆ తాత్కాలిక సీటు ప్రభావం అక్కడితో ఆగలేదు. లూసియానాలో అందరికంటే సీనియర్ జస్టిసే చీఫ్ జస్టిస్ అవుతారు. 2012లో ఆ ఛాన్స్ జాన్సన్‌కు రావాల్సి ఉంది. అయితే తాత్కాలిక సీటులో పనిచేసిన కాలాన్ని సీనియారిటీలో కలపాలా, వద్దా అన్న వివాదం లేచింది. కలపకపోతే 1995లో చేరిన మరో జస్టిస్‌ సీనియర్ అవుతారు. చివరకు ఆ సర్వీసు చెల్లుతుందని ఫెడరల్ కోర్టు, ఆ తర్వాత లూసియానా సుప్రీంకోర్టు తేల్చాయి. 2013లో జాన్సన్ ఆ రాష్ట్ర తొలి నల్లజాతి చీఫ్ జస్టిస్ అయ్యారు.

మళ్లీ ఎందుకు మార్చారు?

చట్టసభ సీట్లకు జనాభా సమానంగా ఉండాలి. కానీ ఆ రూల్ జడ్జిల ఎన్నికకు వర్తించదని 1973లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. విశేషం ఏంటంటే అదీ లూసియానా కేసే! దాంతో జనాభా లెక్కలు వచ్చిన ప్రతిసారీ మ్యాప్ మార్చాల్సిన ఒత్తిడి లేకుండా పోయింది.

ఈలోగా జనం తారుమారయ్యారు. 2005లో కత్రినా తుఫాను న్యూ ఓర్లీన్స్‌ను ముంచేసింది. నగర జనాభా 2000లో 4.84 లక్షలు ఉంటే 2010 నాటికి 3.43 లక్షలకు పడిపోయింది. రాష్ట్రంలో ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు నల్లజాతీయులే అయినా, వాళ్లకు మెజారిటీ ఉన్న జిల్లా మాత్రం ఏడింట్లో ఒక్కటే.

చివరకు 2024లో కొత్త మ్యాప్ వచ్చింది. నల్లజాతి మెజారిటీ జిల్లాలు రెండయ్యాయి. బేటన్ రూజ్‌లోని కొంత భాగాన్ని మిసిసిపీ నది వెంబడి ఉన్న పారిష్‌లతో కలిపి రెండో జిల్లా గీశారు. అదే ఏడాది అక్కడి నుంచి జాన్ మైఖేల్ గైడ్రీ పోటీ లేకుండా ఎన్నికయ్యారు. 2020లో న్యూ ఓర్లీన్స్ జిల్లా నుంచి గెలిచిన పైపర్ గ్రిఫిన్‌తో కలిపి బెంచ్‌పై నల్లజాతి జస్టిస్‌లు ఇద్దరయ్యారు.

ఓటు వేసేది జనమే.. కానీ ఎవరి ఓటు ఎవరి ఓటుతో కలవాలో ముందే డిసైడ్ చేసేది మ్యాప్. లూసియానాలో ఆ మ్యాప్ జడ్జి ఎవరో తేల్చింది. చీఫ్ జస్టిస్ ఎవరన్న వివాదం దాకా కూడా వెళ్లింది.