బొగ్గు బస్సు నేర్పిన పాఠము

కాకినాడనుండి రామచంద్రపురము మీదుగా కోటిపల్లికి 1928లో పడిన రైలుమార్గమును 1940లో యుద్ధావసరములకై ఊడదీసికొని పోయిరి. మరుసటి సంవత్సరముననే పెట్రోలునకు రేషను వచ్చెను. 1942లో బర్మా జపానువారి వశమగుటతో అచ్చటి చమురును నిలిచిపోయెను. కాలువ పడవలు పోగా ప్రయాణికులకు మిగిలినది బొగ్గు బస్సు. దాని వెనుకభాగమున పీపావంటి కొలిమి యొకటి యుండెడిది. అందు రాజిన కట్టెబొగ్గునుండి పుట్టిన గ్యాసుతో ఇంజను నడచెడిది. వంతెన ఎక్కవలసి వచ్చినపుడు ప్రయాణికులు దిగి త్రోయుటయు కలదు.

ఆ బస్సులో గమనింపదగిన విశేషమొకటి యున్నది. బొగ్గు గ్యాసునకు బలము తక్కువ. కాని దానితో ఇంజను కొట్టుకొనదు. అనగా ఇంధనము బలము వేరు, కొట్టుకొనకుండ నిలుచు గుణము వేరు. ఆక్టేను సంఖ్య ఈ రెండవ గుణమునకే కొలత. సంఖ్య పెరిగినకొలది బలము పెరుగునని తలచి అధికమూల్యము చెల్లించువారు ఈ భేదమును మరచుచున్నారు.

కొట్టుకొనుట యననేమి? సిలిండరులో గాలితో కలిసిన పెట్రోలు ఆవిరిని పిస్టను నొక్కును. పిదప ప్లగ్గు నిప్పురవ్వ నిచ్చును. మంట క్రమముగా వ్యాపింపవలెను. ఇంధనము ఓర్వలేనంతగా నొక్కుడు పడినచో, మంట చేరకముందే మిగిలిన ఆవిరి తనంత తాను భగ్గుమనును. సుత్తితో కొట్టినట్లు చప్పుడగును. అట్లే చిరకాలము నడపిన పిస్టను చెడును.

అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ 1921 డిసెంబరు 9వ తేదీన సీసపు ద్రవమొకటి కొద్దిగా కలిపిన ఈ దోషము పోవునని కనిపెట్టెను. ఆల్కహాలు కలిపినను అదే ఫలితము కలుగునని ఆయన ఎరుగును. అయినను సీసమే గెలిచెను. 1924లో న్యూజెర్సీలో ఆ ద్రవమును తయారుచేయుచు అయిదుగురు పనివారు మతిచలించి మరణించిరి. తరువాత కొలది కాలమునకే గ్రాహం ఎడ్గార్ కొలబద్దను ఏర్పరచెను. ఐసో ఆక్టేనునకు 100, హెప్టేనునకు సున్న. 91 ఆక్టేను పెట్రోలనగా, మొదటిది 91 పాళ్లు, రెండవది 9 పాళ్లు కలిపిన మిశ్రమమెంత ఓర్చునో అంత ఓర్చునది యని భావము.

పొగతో వెలువడిన సీసము దశాబ్దములపాటు వీధులలో ఆడుకొను పసివారి రక్తమున చేరి వారి బుద్ధివికాసమును దెబ్బతీసెను. మన దేశమున సీసపు పెట్రోలు విక్రయము 2000 ఫిబ్రవరి 1న నిలిచినది. ప్రపంచమున కట్టకడపట, 2021లో, ఆల్జీరియా మానినది.

నాడు త్రోసివేసిన ఆల్కహాలు నేడు తిరిగి వచ్చినది. పెట్రోలులో ఆల్కహాలు కలుపుటకు మన దేశమున 1948లోనే చట్టము చేసిరి. రామచంద్రపురమునకు సమీపమున చెల్లూరులో చక్కెర కర్మాగారమును ఎరిగినవారికి చెరకు మడ్డి క్రొత్త వస్తువు కాదు. ఆ మడ్డినుండియు, నూకలనుండియు ఆల్కహాలు తీయుచున్నారు. నూటికి 20 పాళ్లు ఆల్కహాలు కలిసిన పెట్రోలు 2023లో విక్రయమునకు వచ్చి, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. దాని కనీస ఆక్టేను 95. అయినను ఆల్కహాలులో వేడిమి తక్కువ. ఆల్కహాలు లేని పెట్రోలునకై నిర్మించిన కారులలో మైలేజి నూటికి 6, 7 వంతులు తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021లోనే అంచనా వేసినది. ఇది బొగ్గు బస్సు నాడే చెప్పిన మాట.

కావున వాహనముతో నిచ్చిన పుస్తకమున ఏ సంఖ్య వ్రాసియున్నదో, ఎంత ఆల్కహాలు తగునో మొదట చూడవలెను. 91 చాలునన్న ఇంజనులో 100 పోసిన లాభము లేదు. 95 కావలెనన్న ఇంజనులో తక్కువ పోసిన నష్టము కలదు. కిరసనాయిలు కలిసిన పెట్రోలు ఆక్టేనును క్రిందికి లాగును. చవకయని దాని జోలికి పోరాదు. పాత బండికి రబ్బరు గొట్టములను పరీక్షింపించుట మేలు. బరువుతో వంతెన ఎక్కునపుడు సుత్తిదెబ్బల చప్పుడు వినవచ్చినచో వేగము పెంచక, గేరు తగ్గించి, పిదప మెకానికునకు చూపవలెను. ఆ చప్పుడును విననట్లుండిన, పెట్రోలులో మిగిల్చిన రూపాయలకు అనేక రెట్లు మరమ్మతునకు పోవును.